401కె, 403బి, 457బి, సింపుల్ ఐఆర్ఏ: రెండు ఆఫర్లు, నాలుగు రిటైర్మెంట్ ప్లాన్లు. నాలుగైదేళ్లలో ఇండియా వెళ్లిపోయేవాళ్లకి ఏది మేలు?

డాలస్_కొత్తకాపురం (ప్రశ్న)

అందరికీ నమస్తే. గత ఏడాది జూన్‌లో హెచ్-1బీ మీద డాలస్ వచ్చాం. ఇప్పుడు నా చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి.

మొదటిది ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీ. జీతం 1,10,000 డాలర్లు. 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ప్లాన్ ఉంది. జీతంలో 6 శాతం దాకా మనం వేసుకుంటే అందులో సగం కంపెనీ కలుపుతుందట. కింద “త్రీ ఇయర్ క్లిఫ్ వెస్టింగ్” అని రాశారు.

రెండోది రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో డేటా ఇంజినీర్ ఉద్యోగం. జీతం 98,000. టెక్సాస్ టీచర్ రిటైర్మెంట్ సిస్టమ్ (టీఆర్ఎస్) పెన్షన్‌కి 8.25 శాతం తప్పనిసరిగా కట్ అవుతుందని హెచ్ఆర్ చెప్పారు. అది కాక 403బి, 457బి రెండూ ఉన్నాయి, వాటికి మ్యాచ్ (కంపెనీ కలిపే వాటా) లేదు. చేరే తేదీ ఏప్రిల్ మొదట్లోనా, జూన్‌లోనా అన్నది నా ఇష్టమే.

మా ఆవిడ హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద ఒక చిన్న డెంటల్ క్లినిక్‌లో చేరింది. జీతం 52,000. అక్కడ సింపుల్ ఐఆర్ఏ అంటున్నారు, 3 శాతం మ్యాచ్.

నాలుగైదేళ్లలో విజయవాడ వెళ్లిపోవాలన్నది గట్టి ఆలోచనే. అసలు ఈ ప్లాన్లలో తేడా ఏమిటి? ఇవన్నీ మన పీఎఫ్ లాంటివేనా? ఎందులో ఎంత వేసుకోవాలి? వెళ్లిపోయేటప్పుడు ఆ డబ్బు ఏమవుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

పేరోల్_లెక్కలు

ఈ నంబర్లన్నీ అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్లు, అంతే. ఏ ప్లాన్ అయినా చూడాల్సింది మూడు సంగతులు: కంపెనీ వేసే వాటా ఎప్పటికి పూర్తిగా మీదవుతుంది, ఆ డబ్బు ఎవరి పేరున ఉంటుంది, ఉద్యోగం మానేశాక బయటికి తీస్తే ఎంత కోత పడుతుంది.

పీఎఫ్‌తో పోలిక సగం వరకే కుదురుతుంది. అక్కడ వడ్డీ రేటు ఈపీఎఫ్ఓ ప్రకటిస్తుంది, 2024-25కి 8.25 శాతం. 401కెలో అలా ప్రకటించే వడ్డీ ఉండదు. మీరు ఎంచుకున్న ఫండ్ పెరిగితే పెరుగుతుంది, పడితే పడుతుంది. పైగా యూఏఎన్ లాంటి ఒకే నంబరు ఇక్కడ లేదు. ఉద్యోగం మారిన ప్రతిసారీ కొత్త ఖాతా, కొత్త వెబ్‌సైటు. పాతది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే బాధ్యత మీదే.

మీ ప్రైవేటు ఆఫర్ సంగతి. 2026లో ఉద్యోగి తన జీతం నుంచి 401కెలో వేసుకోగల పరిమితి 24,500 డాలర్లు. 50 దాటినవాళ్లకి ఇంకో 8,000. కంపెనీ వాటా ఈ 24,500లోకి రాదు. రెండూ కలిపి 72,000 దాటకూడదు. మీ జీతంలో 6 శాతం అంటే 6,600. దానికి కంపెనీ ఇచ్చేది 3,300. ఇంకేం చేసినా చేయకపోయినా ఆ 6 శాతం మాత్రం వదలకండి.

ఇక్కడ చాలామందికి తెలియకుండానే జరిగే నష్టం ఒకటి ఉంది. 2022 డిసెంబర్ 29 తర్వాత పెట్టిన కొత్త ప్లాన్లలో చాలావాటికి 2025 నుంచి ఆటో ఎన్‌రోల్‌మెంట్ (మీరు అడగకుండానే ప్లాన్‌లో చేర్చడం) తప్పనిసరి. మొదటి ఏడాది అది 3 శాతం దగ్గరే మొదలుకావచ్చు. “చేర్చేశారులే” అనుకుని ఊరుకుంటే మీకు వచ్చే మ్యాచ్ 1,650 మాత్రమే, మిగతా సగం పోయినట్టే. లాగిన్ వచ్చిన మొదటి రోజే శాతం మార్చుకోండి.

రెండోది, త్వరగా నింపేయాలనే తొందర. రెండు వారాలకోసారి జీతం అనుకుందాం, ఏడాదికి 26 చెక్కులు. ఒక్కో చెక్కు 4,230 డాలర్ల 77 సెంట్లు. 40 శాతం పెట్టుకుంటే 15వ చెక్కుతో 24,500 నిండిపోతుంది. మ్యాచ్ ప్రతి చెక్కుకీ విడిగా లెక్కేసే కంపెనీ అయితే మిగిలిన 11 చెక్కులకీ మీరు వేసేది సున్నా కాబట్టి వాళ్లు కలిపేదీ సున్నా. ఒక్కో చెక్కుకి 126.92 చొప్పున దాదాపు 1,396 డాలర్లు పోతాయి. ఏడాది చివర లెక్క సరిచేసే “ట్రూ-అప్” ఉందా అని హెచ్ఆర్‌ని అడగండి. లేకపోతే 22 శాతం పెట్టుకోండి. ఏడాదంతా సమానంగా వెళ్లి 24,200 అవుతుంది, మ్యాచ్ ఒక్క డాలరు కూడా తగ్గదు.

ఇక క్లిఫ్ వెస్టింగ్. మీరు వేసిన డబ్బు మొదటి రోజు నుంచీ నూరు శాతం మీదే. కంపెనీ వేసిన వాటా మాత్రం మూడేళ్లు నిండేదాకా సున్నా, నిండిన రోజున మొత్తం మీది. రెండేళ్ల పదకొండు నెలలకి మానేస్తే దాదాపు 9,600 డాలర్లు, దాని మీద పెరిగిందీ వెనక్కి వెళ్లిపోతాయి. మ్యాచ్‌కి చట్టం అనుమతించే గరిష్ఠ క్లిఫ్ మూడేళ్లే. కొన్ని కంపెనీలు రెండో ఏడు నుంచి ఏటా 20 శాతం చొప్పున ఆరేళ్లలో పూర్తి చేస్తాయి. సేఫ్ హార్బర్ మ్యాచ్ (చట్టం చెప్పిన కనీస సూత్రం ప్రకారం వేసే వాటా) ఇచ్చే కంపెనీల్లో మామూలుగా మొదటి రోజే పూర్తి హక్కు.

ఇంకొకటి తెలుసుకోండి. “ఏడాది సర్వీసు” అన్నదాన్ని చాలా ప్లాన్లు 12 నెలల్లో 1,000 గంటల పనిగా లెక్కేస్తాయి, కొన్ని చేరిన తేదీ నుంచి క్యాలెండర్ ప్రకారం లెక్కేస్తాయి. మీది ఏదో సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే పత్రంలో ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో ఉండేది ప్రచారం లాంటిది, ఆ పత్రంలో ఉన్నదే చెల్లుతుంది. సంతకం పెట్టక ముందే అడిగి తెప్పించుకోండి, ఇవ్వనంటే అదీ ఒక సమాచారమే.

---

బెజవాడ_టు_ఆస్టిన్

పైన చెప్పినవన్నీ సరైనవే. నేను ఆసుపత్రి ఆఫర్ గురించి రాస్తాను, ఎందుకంటే అందులో మూడు వేర్వేరు రకాల ప్లాన్లు ఉన్నాయి.

టీచర్ రిటైర్మెంట్ సిస్టమ్ పెన్షన్. మార్కెట్ ఎలా ఉన్నా ఒక సూత్రం ప్రకారం నెలనెలా ఇస్తారు. సూత్రం: సర్వీసు ఏళ్లు × 2.3 శాతం × ఎక్కువ జీతం వచ్చిన ఐదేళ్ల సగటు. కొత్తగా చేరేవాళ్లకి హక్కు రావాలంటే 5 ఏళ్ల సర్వీసు క్రెడిట్ కావాలి. మీ జీతం 98,000 దగ్గరే ఉందనుకుంటే 5 ఏళ్లకి 11.5 శాతం, అంటే 65వ ఏట నుంచి ఏటా 11,270 డాలర్లు, బతికినంతకాలం. ధరల పెరుగుదలకి తగ్గట్టు దానంతటది పెరగదు, కాబట్టి అప్పటికి ఆ డబ్బు విలువ బాగా తగ్గి ఉంటుంది. అయినా చిన్న మొత్తం కాదు.

5 ఏళ్లు నిండక ముందే మానేస్తే మీరు కట్టింది 2 శాతం వడ్డీతో వెనక్కిస్తారు, ప్రభుత్వ వాటాలో పైసా రాదు. మీ జీతానికి ఏటా 8,085 కట్ అవుతుంది. నాలుగేళ్లకి 32,340.

ఇప్పుడు అసలు సంగతి, చేరే తేదీ. ఇక్కడ సర్వీసు ఏడాది అంటే సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31. అందులో 90 రోజులు పనిచేస్తే పూర్తి ఏడాది క్రెడిట్ ఇస్తారు. ఏప్రిల్ మొదట్లో చేరితే ఆగస్టు చివరికి దాదాపు 105 పనిరోజులు వస్తాయి, ఈ ఏడాది క్రెడిట్ దక్కుతుంది. జూన్‌లో చేరితే 65 రోజులు కూడా కష్టం, ఈ ఏడాది పోయినట్టే. ఏప్రిల్‌లో చేరినవాళ్లకి 2026 ఒకటి, తర్వాత మూడు పూర్తి ఏళ్లు, 2029 సెప్టెంబర్ నుంచి మళ్లీ 90 పనిరోజులు, అంటే 2030 జనవరి, ఫిబ్రవరి ప్రాంతానికి ఐదో క్రెడిట్. క్యాలెండర్ ప్రకారం నాలుగేళ్లు నిండకుండానే ఐదు క్రెడిట్లు! సెలవులు, జీతం లేని రోజులు లెక్క మారుస్తాయి కాబట్టి ఐదో ఏడాది మానేసే ముందు క్రెడిట్లు ఎన్ని ఉన్నాయో టీఆర్ఎస్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట నమ్మకండి.

403బి అంటే ప్రభుత్వ విద్యాసంస్థలు, ధర్మాసుపత్రులు, లాభాపేక్ష లేని సంస్థల 401కె అనుకోండి. పరిమితి అదే 24,500, అదీ 401కెతో ఉమ్మడిగా. ఏడాది మధ్యలో ఉద్యోగం మారి రెండుచోట్లా వేస్తే రెండూ కలిపి లెక్కపెట్టుకోవాల్సింది మీరే, కొత్త కంపెనీకి పాత లెక్క తెలియదు. ఎక్కువైన మొత్తాన్ని మరుసటి ఏప్రిల్ 15 లోపు తీసేయించకపోతే దాని మీద రెండుసార్లు పన్ను పడుతుంది. ఇంకో జాగ్రత్త: 403బిలో మ్యూచువల్ ఫండ్లతోపాటు బీమా కంపెనీల యాన్యుటీలు కూడా ఉంటాయి. ఏజెంటు కాఫీ తాగిస్తూ అమ్మేది ఎక్కువగా అదే. ఏళ్లపాటు సరెండర్ చార్జీలు ఉంటాయి. నాలుగేళ్లలో వెళ్లిపోయేవాళ్లు వాటి జోలికి పోకూడదు. ఇండెక్స్ ఫండ్లు ఇచ్చే సంస్థని ఎంచుకోండి.

457బి మీలాంటివాళ్లకి ప్రత్యేకంగా పనికొస్తుంది. దీని పరిమితి 24,500 విడిగా. 403బిలో ఎంత వేసినా దీనికి సంబంధం లేదు. అంతకన్నా ముఖ్యం, ప్రభుత్వ సంస్థ 457బి అయితే ఉద్యోగం మానేశాక ఏ వయసులో తీసినా 10 శాతం జరిమానా లేదు. మామూలు ఆదాయపన్ను మాత్రమే. 401కె, 403బిలకి ఆ జరిమానా తప్పాలంటే 59½ ఏళ్లు రావాలి, లేదా 55వ ఏటో ఆ తర్వాతో ఆ ఉద్యోగం మానేసి ఉండాలి. ఒక పొరపాటు మాత్రం చేయకండి: 457బి డబ్బుని ఐఆర్ఏలోకి (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) మార్చితే ఈ వెసులుబాటు పోతుంది, 10 శాతం మళ్లీ తగులుకుంటుంది. అలాగే పాత 401కె డబ్బు 457బిలోకి తెచ్చినా దాని జరిమానా దానితోనే వస్తుంది.

“ప్రభుత్వ” అన్నది నొక్కి చెబుతున్నాను. ప్రైవేటు ధర్మాసుపత్రుల్లోనూ 457బి ఉంటుంది, పై స్థాయి ఉద్యోగులకి, డాక్టర్లకి ఇస్తారు. పేరు ఒకటే, స్వభావం వేరు. అందులో డబ్బు చట్టరీత్యా ఆసుపత్రిదే. ఆసుపత్రి దివాలా తీస్తే మిగతా అప్పులవాళ్లతోపాటు మీరూ వరసలో నిలబడాల్సిందే. ఐఆర్ఏలోకి మార్చలేరు. మానేశాక మొత్తం ఒకేసారి చేతికొచ్చి ఆ ఏడాది పన్ను స్లాబు ఎగిరిపోవచ్చు. మీది రాష్ట్ర విశ్వవిద్యాలయం కాబట్టి ప్రభుత్వ రకమే అయి ఉండాలి, కానీ ప్లాన్ పత్రంలో “గవర్నమెంటల్” అన్న మాట కళ్లారా చూడండి.

---

చిన్నసంస్థ_ఖాతాలు

మేడమ్‌గారి సింపుల్ ఐఆర్ఏ గురించి ఎవరూ రాయలేదు, అది రాస్తాను.

ఇది వందమంది లోపు ఉద్యోగులున్న సంస్థల కోసం. 2026 పరిమితి 17,000, బాగా చిన్న సంస్థల్లో ఇంకొంచెం ఎక్కువ. 3 శాతం మ్యాచ్ అంటే రూపాయికి రూపాయి: ఆవిడ 1,560 వేస్తే క్లినిక్ 1,560. వెస్టింగ్ గొడవ లేదు, పడిన క్షణం నుంచి మొత్తం ఆవిడదే. ఆ లెక్కన మీ 401కె మ్యాచ్ కన్నా ఇదే నికరమైనది. యజమాని ఐదేళ్లలో రెండేళ్లు మ్యాచ్‌ని 1 శాతం దాకా తగ్గించుకోవచ్చు, కానీ ఆ సంగతి ఏడాది మొదలవక ముందే నోటీసు ఇవ్వాలి.

ప్రమాదం ఎక్కడంటే మొదటి రెండేళ్లు. ఖాతాలో మొదటి జమ పడిన తేదీ నుంచి రెండేళ్ల లోపు డబ్బు బయటికి తీస్తే జరిమానా 10 కాదు, 25 శాతం. ఆ రెండేళ్లలో మామూలు ఐఆర్ఏలోకి మార్చినా దాన్ని తీసినట్టే లెక్కేసి 25 శాతం వేస్తారు. మార్చాలంటే ఇంకో సింపుల్ ఐఆర్ఏలోకే. క్లినిక్ మానేయగానే “పాత ఖాతా ఎందుకు, అన్నీ ఒకచోట పెట్టేద్దాం” అని కదిపినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. దీని మీద లోను కూడా రాదు.

జీతంలో కట్ చేసిన డబ్బు ఆ నెల ముగిశాక 30 రోజుల్లోపు ఖాతాలో పడాలి. క్లినిక్ మ్యాచ్ మాత్రం వాళ్ల పన్ను రిటర్న్ గడువు దాకా ఆగవచ్చు, కాబట్టి నెలనెలా కనిపించలేదని కంగారు పడొద్దు. పే స్టబ్‌లో కట్ అయి ఖాతాలో పడకపోతే మాత్రం వెంటనే రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే కార్మిక శాఖలోని ఈబీఎస్ఏకి (ఉద్యోగుల ప్లాన్లు చూసే విభాగం) ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చు లేదు, వీసాతో సంబంధం లేదు.

సెప్ ఐఆర్ఏ అనేది ఇంకొకటి వినపడుతుంది. దాంట్లో వేసేది యజమాని ఒక్కడే, అర్హులైన అందరికీ ఒకే శాతం.

---

డాలస్_కొత్తకాపురం

అందరికీ చాలా థాంక్సండీ. ఏప్రిల్, జూన్ తేడా నాకు హెచ్ఆర్ కూడా చెప్పలేదు.

రెండు అనుమానాలు. ప్రైవేటు కంపెనీలో మూడేళ్లలోపే లేఆఫ్ చేస్తే ఆ మ్యాచ్ పోయినట్టేనా? ఇంకోటి, పన్ను ఆదా కోసం మా ఇద్దరి ప్లాన్లూ పరిమితి దాకా పూర్తిగా నింపేయమని ఒక స్నేహితుడు చెబుతున్నాడు. అంత అవసరమా?

---

పేరోల్_లెక్కలు

లేఆఫ్ విషయంలో చాలామంది అడగకుండానే వదిలేసే హక్కు ఒకటి ఉంది. ఒక ఏడాదిలో ప్లాన్‌లో ఉన్నవాళ్లలో 20 శాతం, అంతకన్నా ఎక్కువమందిని కంపెనీ తీసేస్తే దాన్ని “పాక్షికంగా ప్లాన్ రద్దు” అయినట్టు ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) భావిస్తుంది. అప్పుడు ఆ వేటు పడినవాళ్లందరికీ కంపెనీ వాటా మీద నూరు శాతం హక్కు వచ్చేస్తుంది, మూడేళ్లు నిండకపోయినా సరే. కంపెనీ తనంతట తాను చెప్పకపోవచ్చు. లేఆఫ్ పెద్దదైతే ప్లాన్ నిర్వాహకుడికి ఈమెయిల్‌లో ఈ ప్రశ్న సూటిగా వేయండి. మీ ఒక్కరినే తీస్తే మాత్రం ఇది వర్తించదు.

401కె లోను తీసి ఉంటే ఇంకో చిక్కు. లోను పరిమితి హక్కున్న మొత్తంలో సగం, గరిష్ఠంగా 50,000. ఉద్యోగం పోయాక బాకీ కట్టకపోతే అది ఖాతాలోంచి తీసేసుకున్న డబ్బుగా లెక్కలోకి వస్తుంది. ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోపు అంత మొత్తం ఐఆర్ఏలో వేస్తే తప్ప పన్ను, జరిమానా రెండూ పడతాయి. హెచ్-1బీ మీద, ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల గ్రేస్ గడువులో ఉన్నవాళ్లకి ఆ సమయంలో ఇది మోయలేని భారం. లోను పెట్టుకోకపోవడమే మంచిది.

పూర్తిగా నింపడం గురించి లెక్క చూద్దాం. ఈ ప్లాన్లలో వేసిన డబ్బుకి ఇప్పుడు ఆదాయపన్ను పడదు, ఆదా అంటే అదే. ప్రైవేటు ఆఫర్ తీసుకుంటే ఇద్దరిదీ కలిపి 1,62,000. 2026లో జంటకి స్టాండర్డ్ డిడక్షన్ 32,200. మిగిలేది 1,29,800. 22 శాతం స్లాబు 1,00,800 దగ్గర మొదలవుతుంది. అంటే పైనున్న 29,000 మీదే 22 శాతం ఆదా. మీ 24,500, ఆవిడ 17,000 కలిపి 41,500 నింపేస్తే చివరి 12,500 మీద ఆదా అయ్యేది 12 శాతమే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కాబట్టి ఆ ఆదా కూడా లేదు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం ఎలాగూ పూర్తి జీతం మీదే కట్ అవుతుంది.

ఆసుపత్రి ఆఫర్ అయితే 1,50,000 నుంచి టీఆర్ఎస్ 8,085, డిడక్షన్ 32,200 తీసేస్తే 1,09,715. 22 శాతం స్లాబులో ఉన్నది 8,915 మాత్రమే. ఆవిడ మ్యాచ్ కోసం వేసే 1,560 పోను, 457బిలో 7,355 వేస్తే ఆ స్లాబు ఖాళీ అయిపోతుంది. అక్కడి నుంచి వేసే ప్రతి డాలరుకీ ఇప్పుడు మిగిలేది 12 సెంట్లే. 12 సెంట్ల కోసం డబ్బుని కట్టిపడేయాలా అన్నది ఆలోచించాల్సిందే. మీ స్నేహితుడి సలహా 24 శాతం స్లాబులో ఉండి ఇక్కడే స్థిరపడేవాళ్లకి సరిపోతుంది.

---

తిరుగు_టపా

ఇండియా వెళ్లే భాగం నేను రాస్తాను. ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఈ విషయంలో వాట్సాప్‌లో తిరిగే సలహాలు పదేళ్లు పైగా ఇక్కడున్నవాళ్ల కోసం రాసినవి.

వెళ్లాక మీరు అమెరికా పన్ను దృష్టిలో నాన్ రెసిడెంట్. ప్లాన్ నుంచి డబ్బు తీస్తే మామూలుగా 30 శాతం పట్టుకుని 1042-ఎస్ (పట్టుకున్న పన్ను చూపే పత్రం) ఇస్తారు. అది చివరి పన్ను కాదు. ఇక్కడ చేసిన పనికి వచ్చిన డబ్బు కాబట్టి 1040-ఎన్ఆర్ (నాన్ రెసిడెంట్ల పన్ను రిటర్న్) దాఖలు చేస్తే స్లాబుల ప్రకారం లెక్కేసి మిగతాది వెనక్కిస్తారు. కానీ స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు, జంటగా కలిపి దాఖలు చేయడం కుదరదు. 2026 స్లాబులతో చూస్తే ఏడాదికి 24,000 తీసినప్పుడు మొదటి 12,400 మీద 10 శాతం, మిగిలిన 11,600 మీద 12 శాతం, మొత్తం 2,632. అది ప్రభుత్వ 457బి అయితే అంతే. అదే 401కె అయితే 10 శాతం జరిమానా ఇంకో 2,400 కలుస్తుంది. దేశం విడిచినంత మాత్రాన ఆ జరిమానా మాఫీ కాదు. మొత్తం ఒకేసారి తీయకుండా ఏడాదికి కొంత చొప్పున తీయడం వల్ల స్లాబు కింద ఉంటుంది.

భారత్, అమెరికా పన్ను ఒప్పందం 20వ ఆర్టికల్ చూపించి “అమెరికాలో పన్నే లేదు” అనేవాళ్లున్నారు. ఆ ఆర్టికల్‌లో పెన్షన్ అంటే విడతల వారీగా వచ్చే చెల్లింపు అని నిర్వచనం ఉంది. మీ టీఆర్ఎస్ పెన్షన్‌కి కూడా అది వర్తించదు, ప్రభుత్వోద్యోగపు పెన్షన్లకి 19వ ఆర్టికల్ వేరే ఉంది. ఏకమొత్తంగా తీసే 401కెని 20వ ఆర్టికల్ కిందకి లాగకండి.

ఇప్పుడు ఆర్ఎన్ఓఆర్, అంటే ఇండియాలో రెసిడెంటే అయినా పన్ను విషయంలో పూర్తి రెసిడెంట్‌గా లెక్కేయని హోదా. వెళ్లిన రెండు మూడేళ్లు విదేశీ ఆదాయం మీద ఇండియాలో పన్ను ఉండదని అందరూ అంటారు. షరతు ఏమిటంటే అంతకు ముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉండాలి, లేదా ముందు ఏడేళ్లలో ఇండియాలో 729 రోజులకి మించి ఉండకూడదు. మీరు 2025 జూన్‌లో వచ్చారు. 2030-31లో తిరిగెళితే వెనకటి ఏడేళ్లలో 2023-24, 2024-25 పూర్తిగా ఇండియాలోనే ఉన్నారు. ఆ రెండేళ్లే 731 రోజులు. అంటే ఆ ఏడాది రెసిడెంట్ లెక్కలోకి వచ్చేన్ని రోజులు ఇండియాలో ఉంటే మీకు ఆ హోదా రాదు, దిగిన ఏడాదే పూర్తి రెసిడెంట్. ఖాతాలో ఏటా పెరిగే ఆదాయం మీద ఇండియాలో పన్ను ప్రశ్న మొదటి ఏడాది నుంచే ఉంటుంది.

దానికి విరుగుడు ఇండియా 1961 ఆదాయపన్ను చట్టంలోని 89ఏ సెక్షన్. అమెరికా, బ్రిటన్, కెనడా రిటైర్మెంట్ ఖాతాల్లో ఏటేటా పెరిగేదాని మీద ఇప్పుడు కాకుండా, అక్కడ తీసి పన్ను కట్టే ఏడాదే ఇండియాలోనూ పన్ను వేసేలా ఎంచుకోవచ్చు. రిటర్న్ గడువులోపు ఫారం 10ఈఈ దాఖలు చేయాలి. ఒకసారి ఎంచుకుంటే తర్వాతి ఏళ్లన్నిటికీ అదే, వెనక్కి తీసుకోలేరు. కొత్త ఆదాయపన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కాబట్టి మీరు వెళ్లేనాటికి సెక్షన్, ఫారం నంబర్లు వేరుగా ఉంటాయి, అవి చూసుకోండి. అమెరికాలో కట్టిన పన్నుకి క్రెడిట్ తీసుకోవచ్చు, కానీ ఇండియాలో 30 శాతం స్లాబులో ఉంటే తేడా అక్కడ కట్టాలి. ఇది కాక ప్రతి ఏడాదీ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టిక) ఈ ఖాతాలన్నీ చూపించాలి.

వెళ్లేముందు ఇక్కడే చేయాల్సినవి: ఖాతాలో 7,000 కన్నా తక్కువ ఉంటే ప్లాన్ మిమ్మల్ని అడగకుండానే బయటికి పంపేయవచ్చు, 1,000 లోపైతే చెక్కు, ఆపైన వాళ్లు ఎంచుకున్న ఐఆర్ఏలోకి. చిరునామా మారిపోతే ఆ చెక్కు మీకు చేరదు. కాబట్టి చిన్న ఖాతాలని ముందే మార్చుకోండి. మార్చేటప్పుడు చెక్కు మీ పేరు మీద కాకుండా నేరుగా కొత్త సంస్థ పేరు మీద వెళ్లాలి. మీ పేరు మీద వస్తే 20 శాతం పట్టుకుంటారు: 40,000కి 32,000 చేతికొస్తుంది, 60 రోజుల్లో మీ జేబులోంచి 8,000 కలిపి పూర్తి మొత్తం జమ చేయకపోతే ఆ 8,000 తీసినట్టే లెక్క. అమెరికా ఫోన్ నంబరు మీద వచ్చే ఓటీపీలే లాగిన్‌కి ఆధారమైతే, ఆ నంబరు బతికి ఉండే ఏర్పాటు చేసుకోండి. చాలామంది ఖాతాలు ఆగిపోయేది ఇక్కడే.

సోషల్ సెక్యూరిటీ మీద ఆశ పెట్టుకోకండి. రెండు దేశాల మధ్య ఆ ఒప్పందం లేదు, 40 క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్లు, నిండకపోతే కట్టింది తిరిగి రాదు.

---

బెజవాడ_టు_ఆస్టిన్

తిరుగు_టపా గారు చెప్పినదానికి ఒకటే కలుపుతాను. ఎవరో ఒకరు “అయితే రాత్ 401కెలో (ముందే పన్ను కట్టిన డబ్బు వేసే రకం) వేసుకోండి” అంటారు, తొందరపడకండి. 89ఏ కిందకి రావాలంటే డబ్బు తీసేటప్పుడు అక్కడ పన్ను పడే ఖాతా అయి ఉండాలి. రాత్‌లో తీసేటప్పుడు పన్ను ఉండదు, కాబట్టి ఆ షరతుకి సరిపోదు. పూర్తి రెసిడెంట్ అయ్యాక రాత్‌లో పెరిగిందాని మీద ఇండియా పన్ను అడిగితే చూపించడానికి ఒప్పందంలో ప్రత్యేక రక్షణ ఏదీ లేదు.

రాత్ ఐఆర్ఏ మాత్రం వేరే సంగతి. అది కంపెనీ ప్లాన్ కాదు, మీరే తెరుచుకునేది. 2026లో తలకి 7,500, ఇద్దరికి 15,000. మీ ఆదాయానికి అర్హత ఉంది. వేసిన అసలు ఎప్పుడు తీసినా పన్ను లేదు, జరిమానా లేదు, ముందు అసలే బయటికి వచ్చినట్టు లెక్కేస్తారు. రాత్ 401కెలో అలా కాదు, తీసే ప్రతి డాలరులోనూ అసలు, లాభం నిష్పత్తిలో కలిసి వస్తాయి. వెళ్లేముందు ఇక్కడ రెసిడెంట్‌గా ఉండగానే రాత్ ఐఆర్ఏ అసలు తీసేసుకుంటే ఇండియాలో ఆ అసలు గురించి గొడవే ఉండదు.

ఆఫర్ల విషయానికొస్తే, ఏటా 12,000 జీతం తేడా, 3,300 మ్యాచ్ కలిపి 15,300. ఐదు క్రెడిట్లు రాకుండా వెళ్లే అవకాశం ఏమాత్రం ఉన్నా పెన్షన్ కోసం అంత తగ్గించుకోవద్దు. రాష్ట్ర ఉద్యోగం మిగతా కారణాలకి నచ్చి, 2030 ఫిబ్రవరి దాకా ఉంటామన్న నమ్మకం ఉంటే ఏప్రిల్‌లోనే చేరండి. 457బిలో 22 శాతం స్లాబు ఖాళీ అయ్యేంత, ఆవిడ సింపుల్‌లో 3 శాతం, మిగిలింది ఇద్దరి రాత్ ఐఆర్ఏలు. ప్రైవేటుకే వెళితే 401కెలో మొదట 6 శాతం, ఆవిడ 3 శాతం, తర్వాతే రాత్ ఐఆర్ఏ. ఏదైనా సరే, ఈ వారం హెచ్ఆర్‌కి పంపాల్సిన ఈమెయిల్‌లో నాలుగు ప్రశ్నలు రాయండి: వెస్టింగ్ గంటల్లో లెక్కా తేదీల్లోనా, ట్రూ-అప్ ఉందా, 457బి గవర్నమెంటల్ రకమేనా, విదేశీ చిరునామాతో ఖాతా కొనసాగనిస్తారా.